చైనా కవిత్వంలో సృష్టి ప్రశ్న: ఛ్యూ యువాన్ నుంచి షిన్ చీజీ దాకా

ప్రశ్న: చైనా ప్రాచీన కవిత్వంలో మన నాసదీయ సూక్తం లాంటిది, అంటే సృష్టి ఎలా మొదలైందో మాట్లాడే కావ్యం ఏదైనా ఉందా? ఉంటే తర్వాతి కవుల మీద దాని ప్రభావం ఎంత? ఎనిమిదో శతాబ్దపు కవి లీ బై చంద్రుడి మీద రాసిన కవితలు కూడా అక్కడి నుంచే వచ్చాయంటారు, నిజమేనా?

జవాబు:

ఉంది. దాని పేరు ‘తియాన్‌వెన్’, అంటే ఆకాశ ప్రశ్నలు. 2020లో చైనా అంగారకుడి మీదికి పంపిన నౌకకి తియాన్‌వెన్-1 అని పేరు పెట్టింది ఈ కావ్యం మీద గౌరవంతోనే. రాసినవాడు ఛ్యూ యువాన్ అని సంప్రదాయం. యాంగ్జీ నది ప్రాంతంలోని చూ రాజ్యంలో పెద్ద పదవిలో పనిచేశాడు. సుమారు క్రీ.పూ. 340 నుంచి 278 వరకు బతికాడని లెక్క. గిట్టనివాళ్లు చెప్పిన మాటలు విని రాజు దూరం పెట్టాడు. ప్రవాసంలో తిరిగి తిరిగి చివరికి మిలువో నదిలో దూకి చనిపోయాడు. ఆయన పేరు మీదున్న కవితలూ, ఆ బాణీలో తర్వాతివాళ్లు రాసినవీ ‘చూత్సి’ అనే సంకలనంలో ఉన్నాయి. చూ దేశపు పాటలు అనుకోండి. తియాన్‌వెన్ అందులోదే.

అయితే సృష్టి కథ దొరుకుతుందని పుస్తకం తెరిస్తే నిరాశపడతారు. 1,500కి పైగా అక్షరాలు, 170కి పైగా ప్రశ్నలు, జవాబు ఒక్కటీ లేదు. ఎక్కువ పాదాలు నాలుగేసి అక్షరాలవి. మొదలు ఇలా ఉంటుంది (అనువాదం నాది, కొంచెం స్వేచ్ఛ తీసుకున్నాను):

మొట్టమొదటి కాలం సంగతి ఎవరు చెప్పగా మనదాకా వచ్చింది?
పైదీ కిందిదీ ఇంకా రూపు కట్టకముందు, దేన్నిబట్టి తేల్చారు?
చీకటీ వెలుగూ కలిసిపోయి మసకమసకగా ఉంటే దాని అంతు ఎవరు చూడగలిగారు?
ఆకారం లేనిదేదో పొంగుతూ కదులుతుంటే అదేమిటో ఎలా గుర్తుపట్టారు?

మొదటి పాదం దగ్గర కాసేపు ఆగాలి. ‘లోకం ఎలా పుట్టింది’ అని ఆయన అడగడం లేదు. ‘పుట్టినప్పుడు ఎవరూ లేరు కదా, మరి ఈ కబురు మోసుకొచ్చింది ఎవరు’ అంటున్నాడు. కథ వినే ముందే సాక్షిని బోనెక్కిస్తున్నాడు. చైనా సాహిత్యంలో సృష్టి గురించిన తొలి గొప్ప కవిత ఈ అనుమానంతో మొదలవుతుంది. తర్వాతి కవులు దీని నుంచి తీసుకున్న అసలు ఆస్తి కూడా ఈ అడిగే పద్ధతే అని నా అభిప్రాయం. వాళ్లు తీసుకున్న సృష్టి కథలు చాలా తక్కువ.

అక్కడి నుంచి ప్రశ్నలు కిందికి దిగుతాయి. ఆకాశానికి తొమ్మిది అంతస్తులంటారే, ఎవరు కొలిచి కట్టారు? తిరిగే ఆకాశాన్ని కట్టిన తాడు ఎక్కడ ముడేశారు? ఎనిమిది స్తంభాలు దేనిమీద ఆనించారు, ఆగ్నేయ మూల ఎందుకు కుంగింది? (గోంగ్‌గోంగ్ అనే దేవుడు కోపంతో కొండని ఢీకొడితే ఆకాశం వాయవ్యానికి ఒరిగింది, భూమి ఆగ్నేయానికి కుంగింది, అందుకే నదులన్నీ అటు పారతాయని వాళ్ల పురాణం.) సూర్యుడు తాంగ్ లోయలో లేచి మెంగ్ ఒడ్డున దిగేదాకా ఎన్ని ‘లీ’లు (చైనా దూరపు కొలత) నడుస్తాడు? రాత్రి వెలుగుకి, అంటే చంద్రుడికి, ఏ మహిమ ఉందని చచ్చి మళ్లీ పుడుతోంది? ఏం లాభమని కడుపులో కుందేల్ని పెట్టుకుంది? ఆ చివరి మాటకి కుందేలని సంప్రదాయ అర్థం. అది కప్ప అని వాదించిన ఆధునిక పండితులూ ఉన్నారు. 1972లో చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయి సమాధిలో దొరికిన పట్టు పటంలో నెలవంక మీద కప్పా కుందేలూ రెండూ ఉన్నాయి. ఛ్యూ యువాన్ తర్వాత సుమారు వందేళ్లకి వేసిన బొమ్మ అది.

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న న్యూవా గురించినది. మనుషుల్ని మట్టితో చేసిన దేవత ఆమె అని చైనా కథ. కవి ఒక్క ముక్కలో అడుగుతాడు: న్యూవాకీ ఒక ఒళ్లుంది కదా, దాన్ని ఎవరు చేశారు?

సూర్యచంద్రులయ్యాక వరదల కథకి వస్తాడు. గున్ అనేవాడు వరద ఆపడానికి ప్రయత్నించి ఓడిపోయాడు, దేవుడు శిక్షించాడు. అతని కొడుకు యూ ఆ పని పూర్తిచేసి మహారాజయ్యాడు. ఛ్యూ యువాన్ గున్ పక్షాన నిలబడతాడు. అతని ఇష్టప్రకారం సాగనిచ్చి ఉంటే పని అయ్యేదే, దేవుడు ఎందుకు శిక్షించాడు అని అడుగుతాడు. తర్వాత షియా, షాంగ్, జౌ వంశాలు, రాజులు, హత్యలు, ద్రోహాలు వస్తాయి. ఒకచోట సూటిగా అడిగేస్తాడు: ఆకాశం ఆజ్ఞ ఇటూ అటూ తిరుగుతూ ఉంటుంది, దేనికి శిక్షిస్తుంది, దేనికి కాపాడుతుంది? ఆకాశపు తాడు ఎక్కడ కట్టారని మొదలైనవాడు న్యాయం ఎక్కడుందని తేలాడు. ప్రభావం సంగతి అర్థం కావాలంటే ఈ మలుపు గుర్తుంచుకోవాలి.

ఎందుకు రాశాడన్నదానికి క్రీ.శ. రెండో శతాబ్దపు వ్యాఖ్యాత వాంగ్ యీ ఒక కథ చెప్పాడు. ప్రవాసంలో తిరుగుతున్న కవి చూ రాజుల పూర్వీకుల గుళ్లలో గోడల మీద దేవతల, వింత జీవుల, పాత రాజుల బొమ్మలు చూసి, ఆ గోడల మీదే ప్రశ్నలు రాశాడట. అందమైన కథే. బొమ్మ నుంచి బొమ్మకి దూకినట్టుండే ఈ కావ్యం నడకకి సరిపోతుంది కూడా. దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన డేవిడ్ హాక్స్ మాత్రం అడుగున ఇంకా పాత పూజారుల పొడుపుకథల పాఠం ఉండి ఉంటుందని, కవి దాన్ని పెంచి తిరగరాశాడని భావించాడు. నేను ఇటువైపే మొగ్గుతాను. షాంఘై మ్యూజియం దగ్గరున్న చూ వెదురు పలకల్లో ఇలాంటి గద్యమే ఒకటి ఉంది. 2008లో అచ్చయింది. ‘వస్తువులు రూపు దిద్దుకుంటాయి, దేనివల్ల పూర్తవుతాయి? రూపం ఒళ్లు కట్టాక, దేనివల్ల చావకుండా ఉంటాయి?’ అంటూ వరసగా ప్రశ్నలే. అంటే ఇలా అడగడం ఛ్యూ యువాన్ ఒక్కడి పిచ్చి అనుకోలేం, ఆ కాలంలో అదొక రచనా పద్ధతి. 1993లో హూబెయ్ రాష్ట్రంలో గువోదియన్ దగ్గర దొరికిన పలకల్లో, పరమమైన ‘ఏకం’ నీటిని కన్నదని, ఆ నీరు తిరిగి దానికే తోడై ఆకాశం ఏర్పడిందని చెప్పే పాఠం కూడా ఉంది. చూ దేశంలో సృష్టి గురించి జవాబులూ తిరుగుతుండేవి, ప్రశ్నలూ తిరుగుతుండేవి. కవి ప్రశ్నలు ఎంచుకున్నాడు.

ఇక నాసదీయంతో పోలిక. ఋగ్వేదం పదో మండలంలోని ఆ ఏడు మంత్రాలూ ‘నిజంగా ఎవరికి తెలుసు, ఎవరు చెప్పగలరు’ అంటాయి. దేవతలు కూడా సృష్టి తర్వాతే వచ్చారు కదా అంటాయి. పరమాకాశంలో కూర్చుని చూసేవాడికి తెలుసేమో, అతనికీ తెలియదేమో అని ఆగిపోతాయి. సాక్షి ఎవరన్న అనుమానం రెండిట్లోనూ ఒకటే. ఒకటి చదివి ఇంకొకటి రాశారనడానికి ఆధారం ఏమీ లేదు, అలా అనుకోవలసిన అవసరమూ లేదు. తేడా ఏమిటంటే నాసదీయం మొదటి క్షణం దగ్గరే నిలబడుతుంది. తియాన్‌వెన్ అక్కడ బయల్దేరి చరిత్రలోకి నడిచి వస్తుంది. మన పోతన గజేంద్రుడి చేత ‘ఎవ్వనిచే జనించు జగ మెవ్వని లోపల నుండు లీనమై’ అనిపించాడు. అదీ ప్రశ్న రూపమే కానీ అందులో జవాబు ముందే ఉంది. అడిగేవాడు శరణు కోరుతున్నాడు. ఛ్యూ యువాన్ ఎవరినీ శరణు కోరడం లేదు.

పాన్‌గు గురించి కూడా ఒక మాట. కోడిగుడ్డులాంటి గందరగోళంలో పుట్టి 18,000 ఏళ్లు పెరిగి ఆకాశాన్నీ భూమినీ విడదీసిన మహాకాయుడు. చైనా సృష్టి కథ అనగానే నెట్‌లో అందరూ చెప్పేది ఇతని గురించే. తియాన్‌వెన్‌లో అతను లేడు. ఈ కథ మనకి మొదట కనిపించేది క్రీ.శ. మూడో శతాబ్దంలో షూ జెంగ్ రాతల్లో, అంటే ఛ్యూ యువాన్ తర్వాత ఐదు వందల ఏళ్లకి. అతని ఒంట్లో భాగాలే సూర్యచంద్రులు, నదులు అయ్యాయన్న రూపం చూసి పురుషసూక్తం గుర్తొస్తుంది. పండితుల్లో కొందరు ఆ సంబంధం ఉందన్నారు, కొందరు ఒప్పుకోలేదు. వాట్సాప్‌లో తిరిగే ‘అన్నీ మన దగ్గర్నుంచే వెళ్లాయి’ పోస్టులకి దీన్ని వాడకండి.

ఇప్పుడు ప్రభావం. ఇక్కడ రెండు రకాలు వేరుగా చూడాలి. కవి తనే ‘నేను ఫలానాదాన్ని అనుసరిస్తున్నాను’ అని చెప్పినది ఒకటి, మనం పోలిక చూసి ఊహించేది ఇంకొకటి. రెండూ కలిపేస్తే ఆకాశం వైపు చూసిన ప్రతి కవీ ఛ్యూ యువాన్ శిష్యుడే అయిపోతాడు. క్రీ.పూ. 139లో హాన్ చక్రవర్తికి సమర్పించిన హువాయ్‌నాన్‌జీ గ్రంథమే ఉదాహరణ. ఆకాశం, భూమి రూపు కట్టకముందు ఉన్న స్థితిని అది వర్ణించే మాటలు తియాన్‌వెన్ మాటలకి చాలా దగ్గర. అప్పు తీసుకున్నారా? ఆ గ్రంథం తయారైన షౌచున్ ఒకప్పుడు చూ రాజ్యానికి చివరి రాజధాని. ఇద్దరూ ఒకే బావిలో నీళ్లు తోడుకున్నారని అనుకోవడం సురక్షితం.

స్పష్టమైన వారసత్వం మొదట కనిపించేది జా యీ దగ్గర. హాన్ కాలపు యువ మంత్రి, చురుకైనవాడు. పెద్దలకి గిట్టక చాంగ్షాకి పంపేశారు. దారిలో షియాంగ్ నది దాటుతూ ఛ్యూ యువాన్‌కి నివాళిగా ఒక కవిత రాశాడు. తర్వాత తన గదిలోకి అపశకునపు పక్షి, గుడ్లగూబ లాంటిది, వచ్చి కూర్చుంటే ఇంకో కవిత రాశాడు. అందులో ఆకాశమూ భూమీ కొలిమి, సృష్టి దాని కమ్మరి, చీకటి వెలుగుల జంట శక్తులైన యిన్ యాంగ్‌లు బొగ్గులు, సమస్త జీవులూ కరిగే రాగి. కొలిమి బొమ్మ ఛ్యూ యువాన్‌ది కాదు, జువాంగ్‌జీ అనే తాత్వికుడిది. కానీ పదవి పోయిన మనిషి తన కష్టాన్ని విశ్వం కొలతతో కొలుచుకోవడం చూ నుంచి వచ్చిందే. చరిత్రకారుడు సిమా చియెన్ వీళ్లిద్దరి జీవితాలనీ ఒకే అధ్యాయంలో రాశాడు. తియాన్‌వెన్ కూడా చదివి ఆ కవి మనసు తలుచుకుని బాధపడ్డానని చివర చెప్పుకున్నాడు.

అందరికంటే ఆసక్తికరమైనవాడు లియూ జోంగ్‌యువాన్ (773–819). తాంగ్ కాలంలో 805లో ఒక సంస్కరణల బృందం కూలిపోయింది. అందులో ఉన్నందుకు ఇతన్ని దక్షిణాన యోంగ్‌జౌకి తోసేశారు, పదేళ్లు అక్కడే. అది పాత చూ నేల. అక్కడ కూర్చుని అతను చేసిన పని: ఛ్యూ యువాన్ ప్రశ్నలకి జవాబులు రాయడం. పేరు ‘తియాన్‌దుయి’, ఆకాశపు జవాబులు. వెయ్యేళ్ల తర్వాత వచ్చిన రిప్లై అది!

జవాబులు నిర్మొహమాటంగా ఉంటాయి. మొదటి కాలం సంగతి ఎవరు చెప్పారు? గొప్పలు కోసేవాళ్లు చెప్పారు. చీకటి వెలుగులు ఎలా మారాయి? మూలవాయువు, వాళ్లు ‘యువాన్ చీ’ అనేది, అదొక్కటే ఉంది, చేసినవాడెవడూ లేడు. తొమ్మిది అంతస్తులు ఎవరు కట్టారు? ఎవరూ కట్టలేదు, యాంగ్ పోగుపడింది అంతే. సూర్యుడు లోయలో లేచి ఒడ్డున దిగుతాడా? లోయా లేదు, ఒడ్డూ లేదు, నువ్వు పక్కన నిలబడి చూస్తున్నావు కాబట్టి అలా అనిపిస్తోంది. ఎదురుగా ఉన్నచోట వెలుగు, అందనిచోట చీకటి. చంద్రుడిలో కుందేలు? అక్కడి నల్లటి లోపాలే కుందేలులా కనిపిస్తున్నాయి. ఇంకో వ్యాసంలో ఆకాశమూ భూమీ పెద్ద పండ్లూ గుమ్మడికాయల్లాంటివి, అవి ఎవరికి బహుమతి ఇస్తాయి, ఎవరిని శిక్షిస్తాయి అని అడిగాడు. ఛ్యూ యువాన్ న్యాయం ప్రశ్నకి కూడా ఇదే అతని సమాధానం: ఆకాశానికి నీ గొడవ తెలియదు. తప్పు చేయలేదని నమ్మి శిక్ష అనుభవిస్తున్నవాడికి ఆ మాట ఒక విధంగా ఊరట అయ్యుండాలి.

కవిత్వంగా మాత్రం తియాన్‌దుయి గెలవలేదని నా తీర్పు. ప్రశ్నల కంటే జవాబులే కఠినమైన భాషలో ఉన్నాయి. తర్వాత సోంగ్ కాలంలో యాంగ్ వాన్‌లీ రెండిటికీ కలిపి వ్యాఖ్య రాయాల్సొచ్చింది. లియూ పేరు సామాన్య పాఠకుడికి గుర్తున్నది మంచు కురిసే నదిలో ఒంటరి ముసలి జాలరి మీద రాసిన ఇరవై అక్షరాల కవితతో. సిద్ధాంతం చెప్పిన పెద్ద కావ్యం పండితుల అల్మరాలో ఉండిపోయింది.

చంద్రుడి దగ్గరికి వద్దాం. మూడో శతాబ్దంలోనే ఫూ ష్వెన్ అనే కవి తియాన్‌వెన్‌కి అనుకరణ అని పేరు పెట్టి రాశాడు. ముక్కలే మిగిలాయి. అందులో చంద్రుడిలో ఏముంది అన్న ప్రశ్నకి మందు దంచే కుందేలు అని జవాబు వస్తుంది. తాంగ్ కాలంలో జాంగ్ రువోషూ వసంత నది, పూలు, వెన్నెల మీద రాసిన కవితలో రెండు పాదాలు చైనాలో చదువుకున్నవాళ్లందరికీ కంఠతా వచ్చు: నది ఒడ్డున చంద్రుణ్ణి మొదట చూసింది ఎవరు? నది మీది చంద్రుడు మనిషి మీద మొదట వెలిగింది ఏ ఏడు? ఇక్కడ సృష్టి మొదలు అంటే ఆకాశం పుట్టిన క్షణం కాదు, మనిషీ చంద్రుడూ ఎదురుపడిన క్షణం. ఇది నేరుగా తియాన్‌వెన్ నుంచి వచ్చిందని పందెం కాయను. ఈ కవివి మిగిలినవి రెండే కవితలు, తనేం చదివాడో చెప్పుకోలేదు.

లీ బై విషయంలో ఆ సందేహం అక్కర్లేదు. ‘ఛ్యూ యువాన్ కావ్యాలు సూర్యచంద్రుల్లా వేలాడుతున్నాయి, చూ రాజుల మేడలు ఉత్త గుట్టలయ్యాయి’ అని రాసినవాడు ఆయన. చంద్రుడి కవిత మొదలు ఇది: నీలాకాశంలో చంద్రుడు ఎప్పటి నుంచి ఉన్నాడు? తాగుతున్న గిన్నె పక్కన పెట్టి ఇప్పుడు అడుగుతున్నాను. ఆ తర్వాత మందు దంచే కుందేలు, పక్కింటివాళ్లు లేని ఒంటరి చంద్రదేవత ఛాంగ్‌ఏ వస్తారు. కానీ మీరు ప్రభావం వెతుకుతుంటే అందరూ చెప్పే ఈ కవిత కంటే సూర్యోదయ సూర్యాస్తమయాల మీద ఆయన రాసినది ముందు చదవండి. అందులో సూర్యుడి రథసారథి షీహెని పేరు పెట్టి పిలిచి నిలదీస్తాడు. ‘రాత్రి వెలుగుకి ఏ మహిమ’ అని ఛ్యూ యువాన్ వాడిన రెండక్షరాల ప్రశ్నని, ఈటె ఊపి సూర్యుణ్ణి ఆపిన లూయాంగ్ వీరుడి మీద తిప్పుతాడు: అతనికి ఏ మహిమ ఉంది? ఋతువుల్ని కొరడాతో తోలేదెవరు అని అడిగి, అన్నీ వాటంతటవే వికసించి ఆగిపోతాయని తనే చెబుతాడు. ప్రశ్న చూ దేశానిది, జవాబు తావో తత్వానిది. ఈ రెంటినీ ఒక చిన్న కవితలో ఇమిడ్చి పాటలా నడిపించడం లియూ వల్ల కాలేదు, లీ బై వల్ల అయింది.

1076లో మిజౌలో శరదృతువు పౌర్ణమి రాత్రి తెల్లవార్లూ తాగి, దూరంగా ఉన్న తమ్ముణ్ణి తలుచుకుంటూ సోంగ్ కాలపు కవి సూ షి రాసిన పాట, చంద్రుడు ఎప్పటి నుంచి ఉన్నాడని గిన్నె ఎత్తి ఆకాశాన్ని అడుగుతుంది. అది లీ బై ప్రశ్నే. కాకపోతే సూ షికి జవాబు మీద ఆసక్తి లేదు. తమ్ముడి మీద ఉంది.

ఈ వరస చివర షిన్ చీజీ (1140–1207) ఉన్నాడు. శత్రువుల చేతికి పోయిన ఉత్తర చైనాని గెలిచి తీసుకోవాలని జీవితమంతా తపించిన సైనికుడు. ఆస్థానం పక్కన పెట్టేసింది. ఒక పౌర్ణమి రాత్రి తాగుతూ తెల్లవారబోతుంటే, చంద్రుడి కోసం ఎదురుచూసే పాటలున్నాయి గానీ సాగనంపే పాట లేదని అతిథి అన్నాడట. అందుకని తియాన్‌వెన్ పద్ధతిలో రాస్తున్నానని ముందుమాటలో తనే చెప్పాడు. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పాట నిండా ప్రశ్నలే. ఇక్కడ దిగిపోతున్న చంద్రుడు ఎక్కడికి వెళ్తున్నాడు? అటువైపు ఇంకో లోకం ఉండి, అక్కడివాళ్లకి ఇప్పుడే తూర్పున కనిపిస్తున్నాడా? ఎగిరే ఈ అద్దానికి వేరు లేదు, ఎవరు కట్టి ఉంచారు? సముద్రం అడుగు నుంచి వెళ్తే తిమింగలాలు పచ్చల మేడల్ని గుద్ది పగలగొట్టవా? కప్ప ఈదుతుంది సరే, కుందేలుకి ఈత ఎలా వచ్చు? అన్నీ క్షేమమే అయితే మెల్లగా కొక్కెంలా ఎందుకు చిక్కిపోతాడు?

1908లో విమర్శకుడు వాంగ్ గ్వోవెయ్, చంద్రుడు భూమి చుట్టూ తిరుగుతాడన్న సంగతిని ఈ కవి ఊహతోనే పట్టేశాడని మెచ్చుకున్నాడు. చైనాలో ఈ పాట గురించి ఎవరు రాసినా ఆ మాట వస్తుంది. నాకు అది కాస్త అతిగా అనిపిస్తుంది. అటువైపు లోకం, సముద్రపు అడుగు దారి, గాలి తోయడం అని మూడు నాలుగు వీలైన దారులు చెప్పి ఏదీ ఎంచుకోకుండా వదిలేశాడు షిన్. అందులో ఒకటి తర్వాత నిజమని తేలింది. ఆయన గొప్ప అక్కడ లేదు, కుందేలుకి ఈత వచ్చా అని అడగడంలో ఉంది. న్యూవా ఒంటిని ఎవరు చేశారని అడిగిన గొంతే అది.

వరసగా చూడండి. ఛ్యూ యువాన్, జా యీ, లియూ, షిన్ నలుగురూ పదవి పోయినవాళ్లో పక్కన పెట్టించుకున్నవాళ్లో. లీ బై కూడా 744లో ఆస్థానం వదలాల్సి వచ్చింది. రాజుని ప్రశ్నిస్తే తల పోతుంది కాబట్టి ఆకాశాన్ని ప్రశ్నించారని కొందరు సులువుగా తేల్చేస్తారు. దానిలో కొంత నిజం ఉంది గానీ పూర్తిగా కాదు. ఫూ ష్వెన్ రాజ్యంలో బాగానే ఎదిగినవాడు, అయినా ఈ రూపం ఎత్తుకున్నాడు. క్రీ.శ. 500 ప్రాంతంలో లియూ షియె రాసిన పెద్ద అలంకార గ్రంథంలో చూత్సి మీద ఒక అధ్యాయమే ఉంది. ఆ కావ్యాలు కవులకి బట్టలు తొడిగాయని, అది ఒక్క తరానికి కాదని అంటాడు. అదే గ్రంథం మొదటి అధ్యాయం సాహిత్యం ఆకాశంతో, భూమితో పాటే పుట్టిందని మొదలవుతుంది.

చదవడం ఎలా మొదలుపెట్టాలో మీరు అడగలేదు గానీ చెబుతాను. ఇంగ్లీషులో హాక్స్ అనువాదం తీసుకోండి. తియాన్‌వెన్ మొత్తం ఒకేసారి చదవకండి. మధ్యలో రాజుల పేర్లు వచ్చేసరికి విసుగొచ్చి వదిలేస్తారు. మొదటి నలభై పాదాల దాకా చదివి, లీ బై సూర్యుడి కవిత, షిన్ చంద్రుడి పాట చదివి, అప్పుడు మళ్లీ వెనక్కి రండి. గున్ ఎవరు, యూ ఎవరు అన్నది అప్పుడు ఓపిగ్గా తెలుసుకోవచ్చు.